నూగు రాలే గుడ్డ

మా తనకల్లు ప్రాంతంలో బొంత అనేది అంగడిలో కొనే వస్తువు కాదు. ఇంట్లోనే పుట్టేది. అవ్వ కట్టి విడిచిన నూలు చీరలు, తాత పాత పంచెలు, అతుకులకు కూడా పనికిరాని లుంగీలు పొరలు పొరలుగా పరచి, నాలుగు వైపులా అంచు మడిచి, పెద్ద సూదితో లావు దారంతో వరుస వెంబడి వరుస కుట్టుకుంటూ పోతే బొంత అయ్యేది. ఎండాకాలం మధ్యాహ్నం వేపచెట్టు కింద చాప పరచి నలుగురు ఆడవాళ్ళు కూర్చుంటే వారం పది దినాలకు ఒకటి తేలేది. కన్నడ సీమవారు దీన్నే కౌది అంటారు, మరాఠీవారు గోధడి అంటారు, బెంగాలువారి కాంథా కూడా ఇదే వంశానిది. పాత గుడ్డను పారవేయడానికి మనసొప్పని ఆడవాళ్ళు ఏ దేశంలో ఉన్నా ఈ పని కనిపెట్టుకున్నారు.

ఈ కాలంలో బొంత కుట్టుదామంటే పాత నూలు చీర దొరకడమే కష్టమైంది. ఇప్పుడు కట్టేవి చాలామట్టుకు సూరత్ నుండి వచ్చే పాలిస్టర్ చీరలు. అవి చిరగవు, మాయవు, నిజమే. కానీ బొంతలో పెడితే ఒకదానిమీద ఒకటి జారిపోతాయి, చెమట పీల్చవు, ఎన్ని పొరలు వేసినా వెచ్చదనం రాదు. మా స్త్రీల సమాజములో ఏటా క్రిస్మస్ ముందు కొన్ని బొంతలు కుట్టి, అవసరమున్న ఇండ్లకు ఇవ్వడం చాలాకాలంగా ఉన్న అలవాటు. పాత నూలు చీరలు తగ్గేకొద్దీ బొంతల లెక్క కూడా తగ్గుతూ వచ్చింది. ఆ సమయంలో బెంగళూరులో పనికి పోయిన మా ఊరి పిల్లలు ప్లష్ గుడ్డ ముక్కలు తేవడం మొదలుపెట్టారు. మావాళ్ళు దానిని బొచ్చు గుడ్డ అంటారు. గిద్యోను కళ్ళములో పరచిన గొఱ్ఱెబొచ్చు మాట మన తెలుగు బైబిలులో ఉన్నదే గనుక ఆ పేరు మాకేమీ ఎబ్బెట్టుగా తోచలేదు. అయితే ఈ బొచ్చు గొఱ్ఱెది కాదు. మన సీమ కురుబవారు గొఱ్ఱె ఉన్నితో నేసే కంబళికీ దీనికీ చుట్టరికం లేదు.

ఇది పాలిస్టరే. ఇంగ్లండులో 1941లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు కనుగొన్న పోగు. మన పెద్దలు టెరిలిన్ చొక్కా అని మురిసిపోయి తొడుక్కున్నది కూడా దీనినే. చొక్కా గుడ్డలో పోగులు అడ్డం నిలువుగా నేసి ఉంటాయి. బొచ్చు గుడ్డలో అడుగున బనియను మాదిరి అల్లిక ఉంటుంది, ఆ అల్లికలోనుండి సన్నని పోగులు గడ్డి మొలిచినట్లు పైకి నిలబడి ఉంటాయి. ఆ పోగుల మధ్య గాలి నిలుస్తుంది. వెచ్చదనమంతా ఆ గాలిదే. హర్యానాలోని పానిపట్టు పాత ఉన్ని బట్టలను చీల్చి, దారం తీసి, దుప్పట్లు నేసే ఊరుగా పేరుపొందింది. ఇప్పుడు అక్కడ కూడా అల్లిక యంత్రాలమీద ఈ బొచ్చు దుప్పట్లు ఎక్కువగా తయారవుతున్నాయి. సంతలో అమ్ముడుపోయేది ఇదే గదా.

బొంతకు పైన నూలు గుడ్డ, అడుగున బొచ్చు గుడ్డ వేస్తే మధ్యలో ఒక్క పొర చాలు. బరువు తగ్గుతుంది, మెత్తగా ఉంటుంది. చూసిన ప్రతివారూ చేత్తో ఒకసారి నిమరకుండా ఉండలేరు. అయితే కత్తెర పెట్టిన మరుక్షణం దాని అసలు గుణం బయటపడుతుంది. తెగిన అంచునుండి నూగు రాలుతుంది. ఎర్ర గుడ్డయితే ఎర్ర నూగు, నీలం గుడ్డయితే నీలం నూగు. చీరలకు, జుట్టుకు, కనురెప్పలకు, తాగే నీళ్ళ చెంబుకు అంటుకుంటుంది. మా నేలమీద గాలి పొడిగా ఉంటుంది గదా, ఆ పొడిలో పాలిస్టరుకు విద్యుత్తు పట్టి, దులిపేకొద్దీ ఇంకా గట్టిగా కరచుకుంటుంది. ఒక శనివారం చర్చి వరండాలో పని జరిగింది. మరుసటి ఆదివారం బల్లమీద పరచిన తెల్లగుడ్డ అంచున ఎర్ర నూగు పూత పూసినట్లు కనబడింది. పాస్టరుగారు ఏమీ అనలేదు గాని, ఆరాధన అయిన తరువాత తన తెల్ల అంగీ చేతులు మాకు చూపించి నవ్వారు.

నవ్వుతో పోయే సంగతి అయితే దీనిని గూర్చి ఇంత వ్రాయనక్కరలేదు. చర్చి పక్క ఇంట్లో ఎనిమిదేండ్ల పిల్లవాడు ఉన్నాడు. వానికి రెండవ ఏటనుండి ఉబ్బసం. అమ్మా నాయనా బెంగళూరులో కట్టడాల పనిలో ఉంటారు, వాడు అవ్వ దగ్గర పెరుగుతున్నాడు. పని జరిగిన మూడవ దినం ఆ అవ్వ వచ్చి వరండా మెట్టుమీద కూర్చున్నది.

"ఏం పాపా, మీ బొచ్చంతా మా ఇంట్లోనే పడతా ఉండాది. పిల్లోడు రెండు రాత్రులు నిద్దర పోలా. కూచొనే తెల్లార్చినాడు" అన్నది. కోపంగా కాదు, అలసిపోయినట్లు అన్నది.

ఆ ఆయాసానికి ఈ నూగే కారణమని ఎవరు చెప్పగలరు? పొయ్యి పొగ ఉంది, శనక్కాయ చెట్లు కొట్టే కాలపు దుమ్ము ఉంది, చలిగాలి ఉంది. అయినా పొడుగు దారి పట్టి ఆలోచించనక్కరలేదు. ఉబ్బసం ఉన్నవారికి ఏ సన్నని దుమ్ము అయినా చెరుపే చేస్తుంది. నూలు మిల్లులలో దూది దుమ్ము పీల్చేవారికి ఊపిరితిత్తుల జబ్బు రావడం లోకమంతా ఎరిగినదే. ఆదివారం సెలవు తీసుకొని సోమవారం పనికి వచ్చినప్పుడు ఛాతీ బిగబట్టినట్లుండటం దాని మొదటి గుర్తు. అమెరికాలో నైలాను పోగును నూగుగా తరిగి గుడ్డకు అంటించే కర్మాగారాలలో పనివారికి ఊపిరితిత్తులు చెడినట్లు 1990లలో డాక్టర్లు గుర్తించారు. అది యేండ్ల తరబడి, పూటల తరబడి పీల్చినవారి సంగతి, ఏటా నాలుగు బొంతలు కుట్టే మన సంగతి కాదు. అయినా గుడ్డనుండి వచ్చేది గుడ్డే గదా, ఏం చేస్తుంది అని తీసిపారవేయడానికి వీలులేదని మాత్రం తెలుస్తుంది.

ఆ గురువారం ప్రార్థన తరువాత మా సమాజములో చాలాసేపు మాట జరిగింది. బొచ్చు గుడ్డ మానేద్దామని కొందరన్నారు. "పరిచర్య పేరు చెప్పి పక్కింటి పిల్లవానికి ఊపిరాడకుండా చేస్తే ఆ బొంత ఎవరికి కావాలమ్మా?" అని మాలో పెద్దామె అడిగింది. మరి కొందరు, వానలు లేని ఏడు శనక్కాయ పెరికిన తరువాత సగం ఇండ్లకు తాళాలు పడతాయి, ఆ పోయేవాళ్ళంతా బెంగళూరులో సిమెంటు నేలమీద పండుకొంటారు, డిసెంబరులో అక్కడి చలి మనకు తెలియదా అన్నారు. పాత అనంతపురం జిల్లా సగటు వాన ఏటికి 550 మిల్లీమీటర్ల ప్రాంతం. అదైనా సమయానికి పడితే గదా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి మా మండలం శ్రీ సత్యసాయి జిల్లాలో కలిసింది గాని, మేఘాలకు ఆ సంగతి ఇంకా తెలిసినట్లు లేదు. బొంత ఇవ్వక తప్పదు, నూగు రాలనీయకూడదు. రెండూ సరియైన మాటలే. అప్పుడు మాలో దర్జీ పని తెలిసిన ఒక సహోదరి ఒక ముక్క తెచ్చి అందరిముందు కోసి చూపించింది.

ఆమె చూపించినది ఇది. ఈ గుడ్డ మధ్యలో ఎంత లాగినా పోగు ఊడిరాదు. ప్రతి పోగూ అడుగు అల్లికలో చుట్టుకొని ఉంటుంది. రాలేదంతా కోసిన చోట కత్తెర కింద రెండుగా తెగిన పోగులే. కాబట్టి గుడ్డ అంతా నూగు రాలుస్తుందనడం సరికాదు, గాయపడిన అంచు రాలుస్తుంది. ఆ అంచు మూతపడితే రాలడం నిలిచిపోతుంది. కష్టమంతా కోయడానికీ కుట్టడానికీ మధ్య ఉన్న కొద్దిసేపులోనే. ఆ కొద్దిసేపును ఎంత చిన్నది చేయగలమో, ఎంత కట్టుదిట్టం చేయగలమో అదే పనితనం.

అప్పటినుండి మా పద్ధతి మారింది. కోత పని వరండాలో లేదు. గాలి లేవకముందు, తెల్లవారుజామున, ఊరి బయట పాడుబడిన కళ్ళం దగ్గర. పాత నూలు దుప్పటి నీళ్ళలో ముంచి పిండి కింద పరుస్తాము. రాలిన నూగు తడి గుడ్డకు అంటుకొని ఎగరకుండా అక్కడే ఉంటుంది. ముక్కుకు నోటికి అడ్డం కొంగు కాదు, రెండు మడతల నూలు గుడ్డ కట్టుకుంటాము. కరోనా కాలంలో మిగిలిన మాస్కులు కూడా ఇందుకు పనికివచ్చాయి. బొచ్చు గుడ్డను బొచ్చు కిందికి, అల్లిక పైకి వచ్చేటట్లు బోర్లా వేసి, సుద్దముక్కతో గీత గీసి, కత్తెరతో కాక బ్లేడుతో ఆ అల్లికను మాత్రమే తేలికగా చీల్చాలి. తరువాత రెండు చేతులతో విడదీస్తే బొచ్చు తనంతట తానే విడిపోతుంది. కత్తెర పోగులను నడిమికి నరుకుతుంది, బ్లేడు అల్లికను తెంచి పోగులను చాలామట్టుకు వదిలిపెడుతుంది. రాలే నూగు సగానికి సగం తగ్గడం కంటికే కనబడుతుంది.

కోసిన ముక్కను గాలికి దులపకూడదు. మా సీమ గాలి సంగతి తెలిసినవారికి ఇది చెప్పనక్కరలేదు, ఇక్కడ దులిపితే అక్కడ ఎవరి వడియాలమీదనో పడుతుంది. పాత చీరను కాస్త తడిపి, కోసిన ముక్కలను అందులో మూటకట్టి, ఆ మూటను ఇద్దరు చెరొక వైపు పట్టుకొని ఉయ్యాల ఊపినట్లు ఊపి కుదపాలి. పట్నాలలో దీనికి బట్టలారబెట్టే యంత్రము వాడతారట. మాకు మూటే యంత్రము. విప్పి చూస్తే వదులుగా ఉన్న నూగంతా చీరకు అంటుకొని ఉంటుంది. ఆ వెంటనే, ఇంకొక పని ముట్టుకోకుండా, నాలుగు అంచులూ ఒక అంగుళం లోపలికి మడిచి చేతితో పొడుగు పొడుగు కచ్చా కుట్టు వేసేస్తాము. ఇంతటితో గాయానికి కట్టు కట్టినట్లే. ఇంటికి తీసుకుపోయినా భయం లేదు.

బొంత పేర్చడంలో కూడా ఈ గుడ్డకు తన పంతం ఒకటుంది. అల్లిక గనుక సాగుతుంది, నూలు సాగదు. లాగి బిగించి పరిచి కుట్టితే తరువాత అది తన చోటికి తాను ముడుచుకొని, పై నూలు గుడ్డ అంతా ముసలివారి నుదురులాగ ముడతలు పడుతుంది. దానిని లాగకుండా, పడుకోబెట్టినట్లు పరచి, మూలల్లో రాళ్ళు పెట్టాలి. ఆవు వీపు నిమిరినట్లు నిమిరి చూస్తే బొచ్చు ఎటు వాలిందో తెలుస్తుంది. అది తలవైపు నుండి కాళ్ళవైపుకు వాలేటట్లు వేస్తే కప్పుకున్నప్పుడు ఎదురు గీరదు. దానిమీద లోపలి పొర, ఆపైన పై గుడ్డ. బెత్తెడు దూరానికొక వరుస కచ్చా కుట్టు. అసలు కుట్టు నడిమధ్యనుండి మొదలుపెట్టి అంచులవైపుకు పోవాలి. అంచునుండి మొదలుపెడితే సాగిన గుడ్డంతా నడిమికి వచ్చి కుప్పపడుతుంది.

చేతికుట్టు అయితే ఇంకేమీ చెప్పవలసినది లేదు. కాలి మిషనుమీద కుట్టేవారు మాత్రం అంగుళానికి ఏడెనిమిది కుట్లకు మించకుండా పొడుగు కుట్టు పెట్టుకోవాలి, 16 నంబరు కొత్త సూది వేసుకోవాలి, సూది పక్కన గుడ్డను అదిమిపట్టే ఫుట్టుకు పైనున్న మరను కొంచెం వదులు చేసుకోవాలి. రెండు బాబిన్ల దారం అయిపోయిన ప్రతిసారీ సూది కింది రేకు జరిపి, పాత పళ్ళ బ్రష్షుతో లోపలి నూగు తుడిచి, ఒక్క చుక్క మిషను నూనె వేయాలి. నోటితో ఊదకూడదు. ఊదితే సగం లోపలికి పోతుంది, సగం మన ముఖానికి వస్తుంది. నూనె తగిలిన నూగు గట్టిపడి పండ్లమధ్య పాచిలాగ బిగుసుకుంటే మిషను మెకానిక్కు దగ్గరికి కదిరి దాకా మోయాలి.

ఇస్త్రీ పెట్టె ఈ గుడ్డ దగ్గరికి రానే కూడదు. అణగిన బొచ్చు మళ్ళీ లేవదు. చివరకు అంచు. దీనికి పాత చీరల జరీలేని అంచులు రెండున్నర అంగుళాల వెడల్పున కోసి, బొంత చుట్టూ పట్టీలాగ తొడిగి, రెండు వరుసల కుట్టు వేస్తాము. చీర చిరిగినా అంచు చిరగదని మన పెద్దలకు తెలుసు. అవ్వల చీరల్లో ఈ కాలానికి మిగిలింది కూడా ఎక్కువగా అంచులే.

కొత్త నూలు గుడ్డ పైన వేసేవారికి ఒక మాట. మార్కు సువార్త రెండవ అధ్యాయములో ప్రభువు కొత్త గుడ్డతో పాత బట్టకు మాసిక వేయడాన్ని గూర్చి చెప్పిన ఉపమానము వింటే, ఆయన పెరిగిన ఇంట్లో మాసికలు వేసే చేతులు ఉండెనని అనిపిస్తుంది. నీళ్ళు తగలని కొత్త నూలు తడిసినప్పుడు కుంచించుకొనిపోయి, పక్కనున్న గుడ్డను లాగి చించుతుంది. బొచ్చు గుడ్డ పాలిస్టరు గనుక నీళ్ళలో కుంచించుకోదు. కొత్త నూలు కుంచించుకుంటుంది. కాబట్టి కొత్త నూలును ముందు ఒకసారి నానబెట్టి ఆరవేసిన తరువాతే రెండింటినీ కలపాలి. ఆ ఉపమానములోని ఆత్మీయ సంగతి దైవజనులు ప్రసంగములలో చెప్పుచున్నారు. మేము గుడ్డ సంగతి చెప్పుచున్నాము.

కుట్టిన తరువాత ఉతకాలని తెలిసినవారంతా చెప్తారు. ఉతికితే చివరి నూగు కూడా పోతుంది, నిజమే. కానీ ట్యాంకరు వచ్చే రోజుకోసం బిందెలు వరుస పెట్టుకునే ఊర్లో ఒక బొంత ఉతకడానికి నీళ్ళు పోయమంటే ఎవరు పోస్తారు? దేవుడు మాకు నీళ్ళు తక్కువ ఇచ్చాడు గాని గాలి ధారాళంగా ఇచ్చాడు. రామగిరి కొండలమీద గాలిమరలు నిలబెట్టింది ఊరికే కాదు. ఆషాఢమాసపు గాలికి మా ఊరి రేకుల కప్పులే లేచిపోతాయి. అంచు పూర్తిగా మూసిన బొంతను ఆ గాలిలో తీగకు వేసి, బొచ్చువైపు కర్రతో మెల్లగా కొట్టి, రెండు దినాలు ఎండా గాలీ పట్టించితే సగం ఉతికినట్లే. ఆ తరువాత నాలుగైదు బిందెల చల్లని నీళ్ళతో ఒక్క ఉతుకు చాలు. ఆ నీటిని పాత పంచెలో వడగట్టి, నూగు తీసి, నీళ్ళు చెట్టుకు పోస్తాము. దీనికొక కారణముంది. 2016లో ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వారు లెక్కించి, ఆరు కిలోల పాలిస్టర్ బట్టలు యంత్రములో ఒకసారి ఉతికితే దాదాపు ఐదు లక్షల సన్నని పోగులు నీళ్ళలోకి పోవచ్చునని చెప్పారు. పంచెలో అన్నీ చిక్కవు, కంటికి కనిపించేవి చిక్కుతాయి. పశువులు తాగే తొట్టిలోకి గాని, చెరువులోకి గాని ఆ నీళ్ళు పోనీయకూడదని మా నిర్ణయం. పట్టిన నూగును పొయ్యిలో కూడా వేయము. పాలిస్టర్ కాలే పొగ మంచిది కాదు.

పొయ్యి మాట వచ్చింది గనుక ఈ గుడ్డను గూర్చి అన్నిటికంటె ముఖ్యమైన సంగతి చెప్పాలి. నూలు కాలితే బూడిదవుతుంది. పాలిస్టర్ 250 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే కరిగి జిగటగా ఒంటికి అంటుకుంటుంది, తీయబోతే చర్మం కూడా వస్తుంది. మా ఊర్లలో ముసలివాళ్ళు చలికాలం చలిమంట పక్కనే ముడుచుకొని పండుకొంటారు. నిప్పు కుంపటి మంచం కింద పెట్టుకునేవారు ఇంకా ఉన్నారు. అటువంటివారికి ఎంత మెత్తగా ఉన్నా బొచ్చు గుడ్డ బొంత ఇవ్వకూడదు. పసిబిడ్డలు మంట దగ్గర ఆడుకునే ఇండ్లకు కూడా అంతే. పొరుగువాని పైబట్టను కుదువ పెట్టుకుంటే సూర్యుడు అస్తమించకముందే తిరిగి ఇవ్వాలని నిర్గమకాండము 22వ అధ్యాయములో ఉన్న ఆజ్ఞ వెనుక ఒక ప్రశ్న ఉంది. రాత్రి అతడు దేనిమీద పండుకొంటాడు, దేనిని కప్పుకొంటాడు అని. ఇచ్చేవారు కూడా ఆ ప్రశ్న అడిగి చూడాలి. ఎక్కడ పండుకొంటారు? పక్కన ఏముంది? ఎవరికి ఆయాసం?

అందుకని మా సమాజములో ఇప్పుడు రెండు రకాలుగా కుట్టుచున్నాము. వలస పోయేవారికి బొచ్చు గుడ్డ బొంతలు. బస్సులో చంకన పెట్టుకొని పోవడానికి తేలికగా ఉంటాయి, సిమెంటు నేల చలిని ఆపుతాయి. షెడ్లలో వంట దగ్గర పరచవద్దని ఇచ్చేటప్పుడే గట్టిగా చెప్తాము. ఊర్లో ఉండిపోయే ముసలివారికి, ఉబ్బసం ఉన్నవారికి అచ్చం నూలు బొంతలు. నూలు కొరతగా ఉంది గనుక ఊర్లో ఎవరి ఇంట్లో పాత పంచె ఉన్నా అడిగి తెచ్చుకుంటాము. సిగ్గేమీ లేదు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టి ఇచ్చిన బట్టలను పేతురుకు చూపించి ఏడ్చారని అపొస్తలుల కార్యములలో చదువుతాము. ఆ బట్టలకు గుడ్డ ఆమెకు ఎక్కడనుండి వచ్చినదో అక్కడ వ్రాయలేదు. బహుశా ఆమె కూడా అడిగి తెచ్చుకొనియుండును.

అమెరికాలో 1945లో ఏర్పడిన లూథరన్ వరల్డ్ రిలీఫ్ అనే సంస్థకు అక్కడి సంఘ స్త్రీలు ఏటా లక్షల సంఖ్యలో బొంతలు కుట్టి ఇస్తారు. యుద్ధాలలో, భూకంపాలలో ఇండ్లు పోయినవారికి అవి ఓడలలో వెళతాయి. వారు పెట్టుకున్న కొలత 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. ఆ కొలత మేము కూడా పెట్టుకున్నాము. పెద్దవారు ఒకరు పూర్తిగా కప్పుకోవచ్చు, ఇద్దరు పిల్లలు సర్దుకోవచ్చు, గుమ్మానికి తడికలాగ కట్టుకోవచ్చు. ఇంతకంటె పెద్దది చేస్తే తడిసినప్పుడు ఎత్తడానికి ఇద్దరు కావాలి.

పక్కింటి పిల్లవానికి పోయిన సంవత్సరం నూలు బొంత కుట్టాము. రెండు పొరలు మా పెద్దామె భర్త కట్టిన పంచెలు, ఒక పొర వాని తాతదే. ఆ పంచె అవ్వ పెట్టెలో అడుగున దాచుకొని ఉండింది. తెచ్చి ఇచ్చేటప్పుడు మడత విప్పకుండా ఇచ్చింది. కుట్టు జరిగిన నాలుగు దినాలూ వచ్చి చాప చివర కూర్చున్నది, సూదిలో దారం ఎక్కించి ఇమ్మంటే కళ్ళు కనపడవన్నది గాని, తాత పంచె ఉన్న పొర పైకి వచ్చిందా కిందికి పోయిందా అని రెండుసార్లు అడిగింది. పైకే వేశాము. వాని ఆయాసం మానిపోలేదు, చలికాలంలో మందు పీలుస్తూనే ఉన్నాడు.

ఈ ఏడు సంక్రాంతికి వాళ్ళ అమ్మా నాయనా వచ్చి తిరిగి పోయేటప్పుడు వారికి బొచ్చు గుడ్డ బొంత ఇచ్చాము. నీలం రంగుది. ఆ పిల్లవాడు దానిని చేత్తో నిమిరి నిమిరి, "అవ్వా, ఇది మనకెందుకు లేదు?" అని అడిగాడు.

"అది ఊరు పొయ్యేటోళ్ళకి నాయనా" అన్నది అవ్వ. "నువ్వు యాడికీ పోవు."